మూడో మేకు: ఫ్లోరిడా ఇళ్ల విండ్ ఇన్‌స్పెక్షన్‌లో అసలు ఏం తేలుతుంది?

ఫ్లోరిడాలో ఒక పాత ఇంటి అటక. ఇన్‌స్పెక్టర్ ఇన్సులేషన్‌ను పక్కకు జరుపుకుంటూ, ముందు వంగి, తర్వాత మోకాళ్ల మీద, చివరికి బోర్లా పడుకుని పాక్కుంటూ చూరు వైపు వెళ్తాడు. పైకప్పు గోడను కలిసే చోటు అది. అక్కడ తల ఎత్తడానికి కూడా జాగా ఉండదు. టార్చి వేస్తే కాంక్రీటు గోడలోంచి పైకి వచ్చిన సన్నటి లోహపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. కప్పును మోసే చెక్క చట్రం, అంటే ట్రస్, పక్కకు ఆ పట్టీ ఆనుకుని ఉంటుంది. పట్టీకి నాలుగైదు రంధ్రాలున్నాయి, మేకులు మాత్రం రెండే. మూడో రంధ్రం ఖాళీ. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఫొటో తీసుకుని వెనక్కి పాకుతాడు. ఆ ఒక్క మేకు లేనందువల్ల కప్పుకూ గోడకూ మధ్య ఉన్న బంధం ఫారంలో అట్టడుగు వర్గంలోకి వెళ్తుంది. పట్టీ ఉన్నా లేనట్టే లెక్క.

ఇలాంటి వివరాలను వెతికి పట్టుకునే తనిఖీనే అక్కడ విండ్ మిటిగేషన్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పెనుగాలికి ఇల్లు ఎంతవరకు తట్టుకుంటుందో చూసే పరీక్ష ఇది. చాలామంది ఇంటి యజమానులు ఈ మాటను మొదటిసారి వినేది ఇన్సూరెన్స్ ఏజెంటు నోటనే: ఆ రిపోర్టు పంపితే ప్రీమియం తగ్గుతుందని. తగ్గే మాట నిజమే. కానీ ఏజెంటుకు పంపేసి, ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరిచి చూడకపోతే రిపోర్టులో సగం విలువ వృథా అయినట్టే. యజమాని కంటికి ఎప్పుడూ కనబడనివి, గాలి మాత్రం ముందుగా పట్టుకునేవి అందులో ఫొటోలతో సహా ఉంటాయి.

కప్పు ఎందుకు ఎగురుతుంది

తుపాను వెళ్లాక "కప్పు ఎగిరిపోయింది" అంటాం. ఆ మాట అక్షరాలా నిజం. ఇల్లు కట్టేటప్పుడు మన ధ్యాసంతా బరువు మీద ఉంటుంది. కప్పు బరువు గోడల మీద, గోడల బరువు పునాది మీద, అన్నీ కిందికే. పెనుగాలిలో ఈ లెక్క తిరగబడుతుంది. కప్పు మీదుగా దూసుకెళ్లే గాలి దాన్ని చాలాచోట్ల నొక్కదు, పైకి లాగుతుంది. అప్పటిదాకా తన బరువుతో తాను కుదురుగా కూర్చున్న కప్పును ఇక పట్టి ఉంచాల్సింది మేకులు, పట్టీలే.

గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఇంజనీర్లు వాడే ప్రాథమిక సూత్రం ప్రకారం గంటకు 100 మైళ్ల గాలికి చదరపు అడుగుకు సుమారు 25 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. 150 మైళ్లకు అది 57 పౌండ్లు దాటుతుంది. కప్పు మీద పరిచే ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అంటే 32 చదరపు అడుగులు. ఆ లెక్కన ఒక్కో షీటు మీద 100 మైళ్ల గాలికి 800 పౌండ్ల పైన, 150 మైళ్లకు 1,800 పౌండ్ల పైన పడుతుంది. కప్పు ఆకారం, చుట్టూ ఉన్న ఇళ్లు, చెట్లను బట్టి ఈ అంకెలు మారతాయి. మూలల్లో, అంచుల్లో గాలి సుడి తిరగడం వల్ల మధ్య భాగంకంటే అక్కడ లాగుడు బాగా ఎక్కువ. కూలిన కప్పుల్లో చాలావరకు ముందు లేచింది మూలే.

ఇప్పుడు అదే షీటుకు ఎన్ని మేకులున్నాయో చూద్దాం. ట్రస్‌లు రెండేసి అడుగుల దూరంలో ఉంటే షీటు కింద ఐదు ట్రస్‌లు పడతాయి. రెండు కొసల్లో 6 అంగుళాలకు ఒకటి, మధ్యలో 12 అంగుళాలకు ఒకటి చొప్పున కొడితే మొత్తం 33 మేకులు. అంతటా 6 అంగుళాలకే కొడితే 45. తేడా పన్నెండే కదా అనిపిస్తుంది. కానీ మధ్య ట్రస్ దగ్గర మొదటి పద్ధతిలో ఒక్కో మేకు రెండు చదరపు అడుగుల కప్పును ఆపాలి, రెండో పద్ధతిలో ఒక చదరపు అడుగునే. ఉన్న భారం సగమవుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంటికి ఇంత బలం ఇచ్చే పని మరొకటి దొరకడం కష్టం.

ఈ సంగతి ఫ్లోరిడాకు చాలా నష్టపోయాకే బోధపడింది. 1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ఆండ్రూ హరికేన్ మయామికి దక్షిణాన హోమ్‌స్టెడ్ ప్రాంతం మీద విరుచుకుపడింది. గంటకు 165 మైళ్ల గాలి. 63,000కు పైగా ఇళ్లు నాశనమయ్యాయి. శిథిలాల్లో తిరిగిన ఇంజనీర్లకు కనిపించినవి పెద్ద పెద్ద డిజైన్ లోపాలకంటే పనితనం లోపాలే ఎక్కువ. మేకుల బదులు గన్‌తో కొట్టిన స్టేపుల్స్, అవీ ట్రస్‌కు తగలకుండా పక్కన ఖాళీలోకి దిగినవి. ఆసరా లేక పడిపోయిన త్రికోణపు గోడలు. పైనుంచి చూస్తే బాగానే ఉన్న కప్పులే అవి, లోపల దేన్నీ పట్టుకుని లేవు. పరిహారాలు చెల్లించలేక అనేక ఇన్సూరెన్స్ కంపెనీలు దివాలా తీశాయి.

తర్వాత వచ్చిన మార్పులే నేటి ఇన్‌స్పెక్షన్‌కు పునాది. దక్షిణ ఫ్లోరిడా తన బిల్డింగ్ కోడ్‌ను 1994లో గట్టిగా బిగించింది. 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ అమల్లోకి వచ్చింది. మయామి-డేడ్, బ్రోవర్డ్ కౌంటీలకు అందులో మరింత కఠినమైన నిబంధనలు పెట్టారు. ఫలితం 2004లో చార్లీ హరికేన్ వచ్చినప్పుడే తెలిసింది. అది దెబ్బతీసిన షార్లట్ కౌంటీలో ఇన్సూరెన్స్ రంగపు పరిశోధన సంస్థ ఐబీహెచ్‌ఎస్ క్లెయిమ్‌లను పరిశీలించింది. 1996 తర్వాత కట్టిన ఇళ్లలో క్లెయిమ్‌లు 60 శాతం తక్కువగా వచ్చాయి. వచ్చినవాటిలో కూడా నష్టం 42 శాతం తక్కువ.

ఫారంలో ఉండే ఏడు విషయాలు

రాష్ట్ర ఇన్సూరెన్స్ నియంత్రణ కార్యాలయం రూపొందించిన ఒకే ఫారం అందరికీ వర్తిస్తుంది. దాని నంబరు ఓఐఆర్-బీ1-1802, వాడుకలో "పద్దెనిమిది సున్నా రెండు". కట్టిన ఏడాది, కప్పు మీది పొర, ప్లైవుడ్ బిగింపు, కప్పు–గోడ బంధం, కప్పు ఆకారం, కప్పు కింద నీరు ఆపే రెండో పొర, కిటికీలు తలుపుల రక్షణ. ఇవే ఆ ఏడు. మొదటి రెండూ ఎక్కువగా కాగితాల మీదే తేలిపోతాయి. ఇంటి పర్మిట్ ఎప్పటిది, కప్పు మార్చినప్పుడు తీసుకున్న పర్మిట్ ఎప్పటిది, 2002 మార్చి 1కి ముందా తర్వాతా అన్నదే ప్రశ్న. అసలు తనిఖీ మూడో అంశంతో మొదలవుతుంది.

ప్లైవుడ్ బిగింపు చూడటానికి కప్పు విప్పాల్సిన పని లేదు. గురి తప్పి ట్రస్ పక్కన బయటికి వచ్చిన మేకు ఒకటి దొరికితే చాలు, అదే సాక్ష్యం చెబుతుంది. అరంగుళం ప్లైవుడ్ కింద మేకు ఒకటిన్నర అంగుళం వేలాడుతుంటే అది రెండంగుళాల మేకు, అంటే "6డీ". రెండంగుళాలు వేలాడుతుంటే రెండున్నర అంగుళాల "8డీ". మంచి డిస్కౌంట్‌కు కావాల్సింది ఈ రెండోదే. మేకుకూ మేకుకూ మధ్య దూరం మెటల్ డిటెక్టర్‌తో గుర్తించి, పక్కన టేపు పెట్టి ఫొటో తీస్తారు. 8డీ మేకులు 6 అంగుళాల దూరంలో ఉంటే ఒక వర్గం, 12 అంగుళాలైతే దాని కింది వర్గం, స్టేపుల్స్, 6డీ మేకులైతే అన్నిటికంటే కింద.

కప్పు–గోడ బంధంలో నాలుగు మెట్లున్నాయనుకోవచ్చు. అన్నిటికంటే కింద టో-నెయిల్, అంటే ట్రస్‌లోంచి గోడ పైకమ్మీలోకి ఏటవాలుగా కొట్టిన మేకులు. పెనుగాలి లాగితే ఇవి ఊడి వస్తాయి. దాని పైన క్లిప్, ట్రస్ పక్కకు బిగించిన లోహపు ముక్క. ఇంకా పైన సింగిల్ ర్యాప్. దీని పట్టీ ట్రస్ నెత్తి మీదుగా అవతలికి తిరగాలి, ముందువైపు కనీసం రెండు, అవతల కనీసం ఒక మేకు ఉండాలి. చివరిది డబుల్ ర్యాప్, ట్రస్‌కు రెండు వైపులా పట్టీ గోడను పట్టుకుని ఉండేది. క్లిప్ అయినా పట్టీ అయినా ట్రస్‌కు కనీసం మూడు మేకులతో బిగిసి ఉండాలి, ట్రస్‌కూ దానికీ మధ్య సందు అరంగుళం దాటకూడదు, బాగా తుప్పు పట్టి ఉండకూడదు. వీటిలో ఏది తప్పినా మళ్లీ టో-నెయిల్ వర్గమే. మొదట చెప్పిన ఖాళీ రంధ్రం కథ ఇదే. పాత నిబంధనల కాలంలో రెండు మేకులతో బిగించిన పట్టీలు ఫ్లోరిడాలో కోకొల్లలు. అలాంటి ఇంట్లో తగిన మేకును ప్రతి ట్రస్ దగ్గరా మూడో రంధ్రంలో కొట్టిస్తే వర్గం మారుతుంది. చూరు కింద పాకి చేయాల్సిన పని కాబట్టి కూలి ఖర్చు ఉంటుంది గానీ, సరుకు ఖర్చు గుప్పెడు మేకులే.

కప్పు ఆకారం యజమాని చేతిలో లేనిది. నాలుగు వైపులా వాలు ఉండే హిప్ కప్పును గాలి అంత సులువుగా పట్టుకోలేదు. రెండు వైపులే వాలు ఉండి, మిగతా రెండు వైపులా త్రికోణపు గోడ లేచే గేబుల్ కప్పుకు ఆ గోడే బలహీనత. హిప్‌గా లెక్కించాలంటే హిప్ కాని భాగాలు కప్పు చుట్టుకొలతలో 10 శాతం లోపే ఉండాలి. చుట్టుకొలత 200 అడుగులైతే 20 అడుగుల లోపన్నమాట. ముచ్చటపడి ముందువైపు వేయించుకున్న గేబుల్ వరండా వల్ల హిప్ డిస్కౌంట్ పోయే ఇళ్లూ ఉంటాయి. ఇల్లు పెంచుకునే ముందు ఈ ఒక్క లెక్క చూసుకోవాలి.

ఒక్క కిటికీ

యజమానులకు ఎక్కువ కోపం తెప్పించేది ఏడో అంశం. ఇంట్లో పదిహేను కిటికీలుంటే పద్నాలుగింటికి మంచి షట్టర్లు పెట్టించి, వెనక బాత్రూమ్ పైన ఉన్న చిన్న కిటికీని వదిలేశారనుకుందాం. ఫారంలో ఆ ఇంటికి రక్షణ ఉన్నట్టు రాయరు. అద్దం ఉన్న ప్రతి కిటికీ, తలుపు, స్కైలైట్‌కు రక్షణ ఉంటేనే డిస్కౌంట్. లెక్కలోకి వచ్చేది వాటిలో అతి బలహీనమైనదే. గ్యారేజీ తలుపుకు పైన చిన్న అద్దాల వరస ఉన్నా అదే సంగతి. వేల డాలర్లు పెట్టిన తర్వాత ఇది విని కడుపు మండటం సహజమే.

అయినా ఈ నిబంధన న్యాయమైనదే అనిపిస్తుంది. ఎందుకంటే గాలి కూడా సరిగ్గా అదే లెక్క వేస్తుంది. ఒక్క కిటికీ పగిలితే గాలి లోపలికి చొరబడి కప్పును కిందినుంచి తోస్తుంది. పైనుంచి ఎలాగూ లాగుతూనే ఉంది. రెండూ కలిసేసరికి అప్పటిదాకా నిలబడ్డ మేకులు, పట్టీలు ఒక్కసారిగా రెట్టింపుకు దగ్గరైన భారం మోయాలి. ఇంట్లో అన్నిటికంటే పెద్ద రంధ్రం గ్యారేజీ తలుపే కాబట్టి అది లోపలికి వంగిపోయిన ఇళ్లలో కప్పు కూడా పోవడం మామూలు. పద్నాలుగు షట్టర్లు పద్నాలుగు కిటికీలను కాపాడతాయి, ఇంటిని కాపాడాలంటే పదిహేనోది కావాలి.

షట్టర్ ఉంటే సరిపోదు, అది ఏ పరీక్ష నెగ్గిందో కూడా చూస్తారు. పై వర్గానికి చేసే పరీక్షలో 9 పౌండ్ల చెక్క దూలాన్ని గంటకు 34 మైళ్ల వేగంతో దాని మీదకు వదులుతారు. ఆ దెబ్బ తిన్నాక కూడా తుపానులో గాలి ఆగి ఆగి తోసినట్టు వేలసార్లు ఒత్తిడి మార్చి చూస్తారు. నెగ్గిన సరుకు మీద లేబుల్ గానీ అనుమతి నంబరు గానీ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ దాన్నే ఫొటో తీస్తాడు. పెయింట్ వేసేటప్పుడు ఆ లేబుల్ గీకేస్తే, బిల్లు కూడా పారేస్తే, దెబ్బను తట్టుకునే అసలైన ఇంపాక్ట్ కిటికీ కూడా నిరూపించలేని కిటికీ అయిపోతుంది. కాగితాలు దాచుకోవడం కూడా ఇక్కడ ఇంటి బలంలో భాగమే.

డబ్బు లెక్క

ఫ్లోరిడా చట్టం ప్రకారం గాలి నష్టాన్ని తగ్గించే నిర్మాణ లక్షణాలకు ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇచ్చి తీరాలి. అది వాళ్ల దయ కాదు. పాలసీ ఇచ్చేటప్పుడు, ప్రతి రెన్యువల్‌కు ఈ డిస్కౌంట్ల సంగతి తెలియజేయాలి కూడా. పాలసీ కాగితాల కట్టలో ఆ పేజీ ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు.

ఇన్‌స్పెక్షన్‌కు మామూలుగా 75 నుంచి 150 డాలర్లు అవుతుంది. పని గంటలోపే అయిపోతుంది. ఇంట్లో పెద్ద మార్పులేవీ జరగకపోతే ఫారం ఐదేళ్ల దాకా చెల్లుతుంది. ఆ ఖర్చుకు ప్రతిఫలం ఎంతన్నది ఇంటిని బట్టి ఉంటుంది. ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. ఏజెంటు "40 శాతం డిస్కౌంట్" అంటే అది మొత్తం ప్రీమియం మీద కాదు, అందులో హరికేన్ గాలికి సంబంధించిన భాగం మీదే. ఉదాహరణకు ఏడాదికి 5,000 డాలర్ల ప్రీమియంలో గాలి భాగం 3,000 అనుకుంటే తగ్గేది 2,000 కాదు, 1,200. అదైనా తక్కువేం కాదు. 100 డాలర్ల ఇన్‌స్పెక్షన్ ఐదేళ్లలో 6,000 మిగిల్చినట్టు. తీరానికి దగ్గరగా ఉండి గాలి భాగం పెద్దదైన ఇళ్లలో లాభం ఎక్కువ. రాష్ట్రం మధ్యలో, గాలి భాగం చిన్నదైన చోట అంతగా ఉండదు.

ఇన్‌స్పెక్షన్ చేయిస్తే లోపాలు బయటపడి ప్రీమియం పెరుగుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. మొదటిసారి ఫారం ఇచ్చేవాళ్లకు ఆ భయం అక్కర్లేదు. ఫారం లేని ఇంటిని కంపెనీలు సాధారణంగా ఏ రక్షణా లేని ఇంటిగానే లెక్కిస్తాయి. అంతకంటే కిందికి దిగేదేం లేదు. పాత ఫారంలో లేనివి ఉన్నట్టు రాసి ఉంటే మాత్రం కొత్త తనిఖీలో డిస్కౌంట్ పోతుంది. 2010 తర్వాతి ఏళ్లలో రాష్ట్రం ఆధ్వర్యంలోని సిటిజెన్స్ ఇన్సూరెన్స్ సంస్థ ఇళ్లను మళ్లీ తనిఖీ చేయించినప్పుడు చాలామందికి ఇదే జరిగింది, పెద్ద గొడవే అయింది. ఆ తర్వాత ఫారం మీద, ఫొటోల మీద పట్టింపు పెరిగింది. ఇప్పుడు ప్లైవుడ్ బిగింపు నుంచి కిటికీల దాకా ప్రతి అంశానికీ ఫొటో జతచేయాలి. డిస్కౌంట్ కోసం తెలిసి తెలిసి తప్పుడు ఫారం ఇవ్వడం చట్టప్రకారం నేరం.

అందుకే అటక ఎక్కకుండా వాకిట్లో నిలబడి ఫారం నింపే ఇన్‌స్పెక్టర్ ఎంత చవకగా వచ్చినా వద్దు. లైసెన్సు ఉండి ఈ తనిఖీలో శిక్షణ పొందిన హోమ్ ఇన్‌స్పెక్టర్, బిల్డింగ్ కోడ్ ఇన్‌స్పెక్టర్, జనరల్ లేదా రెసిడెన్షియల్ కాంట్రాక్టర్, ఇంజనీర్, ఆర్కిటెక్ట్, వీళ్లకు ఫారం మీద సంతకం చేసే అర్హత ఉంది. ఫారం చివర ఇంటి యజమాని కూడా సంతకం పెడతాడు: ఈ మనిషి నిజంగా వచ్చి తనిఖీ చేశాడని, గుర్తింపు చూపించాడని. చాలామంది చదవకుండానే పెట్టేసే ఆ సంతకం యజమాని ఇచ్చే ధ్రువీకరణ.

కప్పు మార్చే వారం

పాత ఇంటి విషయంలో అన్నిటికంటే విలువైన సమయం కప్పు మార్చే వారమే. కప్పు మీద పరిచిన షింగిల్స్ పలకలు పీకేసి ప్లైవుడ్ బయటపడ్డాక మేకులు కొట్టడం గంటల పని. 2007 నుంచి ఫ్లోరిడా నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీలో తయారై రాకుండా స్థలం మీదే కట్టిన ఒంటి ఇళ్లకు కప్పు మార్చేటప్పుడు పాత కోడ్ కాలపు ప్లైవుడ్‌ను మళ్లీ మేకులతో బిగించాలి, నీరు దిగకుండా రెండో పొర వేయాలి. పాత కోడ్ కింద కట్టి, ఎగిరొచ్చే శిథిలాల ప్రమాదం ఉన్న ప్రాంతంలో ఉండి, బీమా విలువ కోడ్‌లో పెట్టిన పరిమితికి చేరిన ఇళ్లకు కప్పు–గోడ బంధాన్ని కూడా కొంత ఖర్చు పరిమితిలో బలపరచాలి.

అంటే 2007 తర్వాత కప్పు మార్చుకున్న ఎన్నో పాత ఇళ్లలో 6 అంగుళాలకు ఒకటి చొప్పున మేకులు ఇప్పటికే ఉన్నాయి. ఆ యజమానులు డబ్బు పెట్టారు, బలం వచ్చింది, కానీ ఇన్‌స్పెక్షన్ చేయించుకోక ఏటా పాత రేటే కడుతున్నారు. ఈ తనిఖీ వల్ల ఇలాంటి ఇళ్లకు వచ్చేంత లాభం మరే ఇళ్లకూ రాదు.

రెండో పొర విషయంలో తొందరపడాల్సిందే. ప్లైవుడ్‌కు నేరుగా అంటుకునే ఆ తారు పొర షింగిల్స్ పోయినా వాననీరు లోపలికి రాకుండా ఆపుతుంది. హరికేన్‌లో నష్టమంతా గాలి వల్లే కాదు, కప్పు సందుల్లోంచి కారిన వానకు సీలింగ్ ఊడిపడటం, గోడలు బూజు పట్టడం, సామాన్లు పాడవడం వల్ల చాలా ఉంటుంది. అయితే ఒకసారి పైన షింగిల్స్ పరిచాక ఆ పొర ఎవరికీ కనబడదు, అటకలోంచి కూడా. అందుకని పని జరుగుతున్న రోజునే ఫొటోలు తీసుకోవాలి. వీలైతే ఇంటి నంబరు, తేదీ తెలిసేలా తీయాలి. రూఫర్ ఇచ్చే బిల్లులో ఏ సరుకు వాడారో పేరుతో రాయించుకోవాలి. రూఫింగ్ పేపర్ పరిచి పైన రేకు బిళ్లలు (టిన్ క్యాప్స్) పెట్టి మేకులు కొట్టడం ఈ రెండో పొర కిందికి రాదు. రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు ఉంటారు, నమ్మకూడదు.

ఖర్చుకు సాయం కావాలంటే మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ అనే రాష్ట్ర పథకం ఉంది. 2006లో మొదలై కొన్నేళ్లకు ఆగిపోయి, 2022లో మళ్లీ మొదలైంది. ముందు ఉచితంగా ఇన్‌స్పెక్షన్ చేసి ఏ పని చేయిస్తే మంచిదో చెబుతారు. అర్హత ఉంటే యజమాని పెట్టే ప్రతి డాలరుకు రాష్ట్రం రెండు డాలర్ల చొప్పున 10,000 డాలర్ల దాకా ఇస్తుంది. అంటే 15,000 డాలర్ల పనిలో యజమానికి పడేది 5,000. సొంతంగా నివసించే ఇల్లు అయి ఉండాలి, 2008కి ముందు పర్మిట్ తీసుకున్నదై ఉండాలి వంటి షరతులున్నాయి. నిధులు, నిబంధనలు ఏటా శాసనసభ చేతిలో ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏడాది షరతులు చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గ్రాంటు మంజూరు కాకముందే పని మొదలుపెడితే ఆ డబ్బు రాదు. తొందరపడి నష్టపోయేది ఇక్కడే.

ఈ ఫారం చెప్పనివి

వరద గురించి ఇందులో ఒక్క మాట ఉండదు. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ హరికేన్ ఫోర్ట్ మయర్స్ బీచ్‌ను ముంచింది ప్రధానంగా సముద్రపు ఉప్పెనతో. ఎన్ని పట్టీలు బిగించినా ఉప్పెన ఆగదు. మామూలు ఇంటి పాలసీ ఆ నష్టాన్ని కట్టదు, దానికి వేరే వరద బీమా ఉండాలి. చూరు కింద బిగించే సాఫిట్ పలకల గురించీ ఫారం అడగదు. గాలికి అవి ఊడిపోతే వాన నేరుగా అటకలోకి కొడుతుంది. డిస్కౌంట్ రాకపోయినా వాటిని గట్టిగా బిగించుకోవాలి.

కప్పు ఇంకెన్నేళ్లు మన్నుతుందో కూడా ఇది చెప్పదు. దానికి ఫోర్-పాయింట్ అనే మరో ఇన్‌స్పెక్షన్ ఉంది. అందులో కప్పు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ వ్యవస్థల పరిస్థితి చూస్తారు. పాత ఇళ్లకు పాలసీ ఇవ్వాలా వద్దా అని కంపెనీలు నిర్ణయించుకునేది దాన్ని చూసే. రెండింటినీ ఒకే మనిషి ఒకే రోజు చేయడం వల్ల అవి ఒకటేనన్న పొరపాటు పాతుకుపోయింది.

డిడక్టబుల్‌ను కూడా మర్చిపోకూడదు. ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టబుల్ తరచుగా ఇంటి బీమా విలువలో 2 శాతం, కొన్నిసార్లు 5 లేదా 10 శాతం ఉంటుంది. 400,000 డాలర్ల ఇంటికి 2 శాతమంటే మొదటి 8,000 డాలర్ల నష్టం యజమాని జేబులోంచే పోతుంది. ప్రీమియం డిస్కౌంట్ కంటే ఈ అంకెను చూసినప్పుడే గట్టి కప్పు విలువ బాగా అర్థమవుతుంది. ఒక షీటు లేవకుండా ఆగితే మిగిలేది కంపెనీ డబ్బు కాదు, ముందుగా ఆ 8,000.

ఇల్లు కొనబోయేవాళ్లు సంతకాలకు ముందే అమ్మేవాళ్లను పాత 1802 ఫారం అడిగి తీసుకోవడం మంచిది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటింటి గ్రానైటు కనిపిస్తుంది గానీ ట్రస్ దగ్గర పట్టీ కనిపించదు. ఫారంలోని నాలుగు ఫొటోలు చూస్తే కొత్త పెయింట్ కింద ఉన్నది ఏ కాలపు ఇల్లో తెలిసిపోతుంది. బేరానికీ పనికొస్తుంది.

ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్లు హరికేన్ సీజన్ మొదలయ్యే జూన్ 1కి చాలా ముందే ఈ పని పెట్టుకోవాలి. తుపాను బయల్దేరాక కాంట్రాక్టర్లు దొరకరు, పేరు పెట్టిన తుపాను దగ్గరికి వస్తుంటే కంపెనీలు కొత్త పాలసీలు ఇవ్వడం, మార్పులు చేయడం ఆపేస్తాయి. పని పూర్తయ్యాక మరో చిన్న పని మిగిలి ఉంటుంది, చాలామంది మర్చిపోయేది కూడా అదే. మూడో మేకు కొట్టించినంత మాత్రాన కంపెనీకి ఆ సంగతి తెలియదు. ఇన్‌స్పెక్టర్‌ను మళ్లీ పిలిచి, అదే చూరు కింద అదే పట్టీని మళ్లీ ఫొటో తీయించి, కొత్త ఫారం ఏజెంటుకు పంపించాలి. అప్పటిదాకా బిల్లు టో-నెయిల్ ఇంటి రేటుకే వస్తుంది.